వీఆర్‌చాట్ చాలాకాలం వాడాక: కబుర్లకు చిన్న గదులే మేలు

వీఆర్‌చాట్ అంటే కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, అవతార్ అనే బొమ్మ రూపంలో కంప్యూటర్ లోకంలో మనుషుల్ని కలిసే యాప్. అది ఎలా ఉందని అడిగేవాళ్లను, ఏ వరల్డ్‌లోకి వెళ్లారని నేను తిరిగి అడుగుతాను. 2017 ఫిబ్రవరిలో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలోకి వచ్చిన ఈ యాప్‌లో గదులు, తోటలు, కోటలు చాలావరకు వాడేవాళ్లే యూనిటీ అనే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో కట్టి పెడతారు. వాటినే వరల్డ్‌లు అంటారు. మంచీ చెడూ అక్కడే తేలుతుంది.

హైదరాబాద్‌లో మాకు ఆదివారం ఉదయం, డల్లాస్‌లో అన్నయ్యకు శనివారం రాత్రి. ఆ వేళ అందులో కలుస్తుంటాం. జలపాతాలూ కోటలూ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి కానీ అక్కడ మాటలు సాగవు. అందరూ తలో దిక్కు పోతారు. చిన్న గదిలో, ఎదురెదురుగా సీట్లున్నచోట కబుర్లు వాటంతటవే మొదలవుతాయి.

అసలు కిటుకు శబ్దంలో ఉంది. ఇందులో మనిషి దూరమయ్యేకొద్దీ గొంతు తగ్గుతుంది, ఎటునుంచి వస్తోందో చెవికి తెలుస్తుంది. మామూలుగా 25 మీటర్ల వరకు వినిపిస్తుంది. వరల్డ్ కట్టేవాళ్లు ఆ దూరాన్ని మార్చుకోవచ్చు. జనం నిండిన హాల్లో దాన్ని అలాగే వదిలేస్తే అందరి మాటలూ కలిసిపోయి గోలగోల. బాగా తగ్గించి, మూలమూలనా కూర్చునే చోటు పెడితే మాత్రం పెళ్లిపందిట్లో లాగా ఎవరి గుంపు వాళ్లది. పక్క గుంపులో నవ్వులు వినిపిస్తే లేచి అటు వెళ్లొచ్చు. వీడియో కాల్‌లో ఈ సుఖం నాకెప్పుడూ దొరకలేదు.

తమ అవతార్‌ను చూసుకునే అద్దాలంటే ఇక్కడ చాలామందికి ఇష్టం. కానీ అద్దం ఉంటే గదిని మళ్లీ గీయాలి కాబట్టి ఫ్రేమ్ రేట్ (సెకనుకు గీసే బొమ్మల సంఖ్య) పడిపోతుంది. పైగా అందరూ దానివైపే చూస్తూ నిలబడతారు. కావాలంటే ఆపేసే స్విచ్ ఉన్న అద్దమే నాకు నచ్చుతుంది.

హెడ్‌సెట్‌లో ఉన్నప్పుడు కళ్లు కదులుతున్నామంటాయి, లోపలిచెవి లేదంటుంది. వికారం అక్కడే మొదలవుతుంది. అందుకే అమ్మకు మొదటిసారి హెడ్‌సెట్ పెట్టినప్పుడు కదిలే లిఫ్టులూ పడవలూ లేని గది ఎంచి, కుర్చీలో కూర్చోబెట్టాను. అన్నయ్య అవతార్ పక్కకొచ్చి "అమ్మా" అనగానే ఆవిడ తల అటు తిప్పి, "ఏరా, ఇంత దగ్గరకొచ్చావేంట్రా" అంది. ఆ దగ్గరితనం కోసమే నేను ఇదంతా వాడుతున్నాను.

అదే దగ్గరితనం కొత్తవాళ్లతో ఇబ్బంది. ఇలాంటిదే అయిన హొరైజన్ వరల్డ్స్‌లో, ఫేస్‌బుక్ కంపెనీ మెటా 2022 ఫిబ్రవరిలో అవతార్ల మధ్య సుమారు 4 అడుగుల ఎడం పెట్టింది. పరిచయం లేనివాళ్ల మధ్య అది ఉండాల్సిందే. వీఆర్‌చాట్‌లోనూ మీదికొచ్చే అవతార్లు కనపడకుండా చేసే సెట్టింగ్ ఉంది, బ్లాక్ ఉంది. మా వదిన మాత్రం ఫ్రెండ్స్‌కే పరిమితమైన గదులకు తప్ప రాదు. ఆమె చేసేది సరైనదే.

చాలా హెడ్‌సెట్లు అర కిలో అటూఇటుగా ఉంటాయి, గంట దాటితే మెడ లాగుతుంది. కొనేముందు మామూలు కంప్యూటర్ స్క్రీన్ మీదే కొన్ని వారాలు వాడి చూడండి. మా బావ ఇప్పటికీ అలాగే వస్తాడు.