ఫ్లట్టర్ మూడేళ్ల వాడకం: నలుగురి టీమ్‌కు కలిసొచ్చిందేంటి, సతాయించిందేంటి

హన్మకొండలో నలుగురు డెవలపర్లు, 8 జీబీ, 16 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లు. పంట ధరలు, బస్సు టైములు చూపే చిన్న యాప్‌లకు మూడేళ్లుగా ఫ్లట్టరే, అంటే యాప్‌లు కట్టే గూగుల్ సాధనం. ఆండ్రాయిడ్‌కు, ఐఫోన్‌కు ఒకే కోడ్ సరిపోవడం ఇంత చిన్న టీమ్‌కు పెద్ద వెసులుబాటు. ఐఫోన్ బిల్డ్‌కు మాత్రం మ్యాక్ ఉండాల్సిందే, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

హాట్ రీలోడ్‌కు, అంటే కోడ్ మార్చగానే నడుస్తున్న యాప్‌లో ఆ మార్పు చూపే సౌకర్యానికి, వచ్చిన పేరు ఉత్తది కాదు. అయితే మొదట్లో ఒక్కసారే నడిచే ఇనిట్‌స్టేట్‌లోనో, మెయిన్ ఫంక్షన్‌లోనో మార్చింది రీలోడ్‌తో కనిపించదు, యాప్‌ను మొదటి నుంచి నడిపే హాట్ రీస్టార్ట్ కొట్టాలి. "కోడ్ మార్చిన అన్నా, ఫోన్‌ల మారతలేదు" అని జూనియర్ పిలిస్తే ముందు అడగాల్సింది ఇదే. డీబగ్ బిల్డ్‌లో (తప్పులు వెతకడానికి చేసే బిల్డ్) స్క్రోల్ తడబడుతుందని తిట్టుకోవద్దు. వేగం కొలిచే ప్రొఫైల్ మోడ్‌లో, అసలు ఫోన్ మీద చూశాకే మాట్లాడాలి.

8 జీబీ మిషన్‌లో ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్), కోడ్ రాసే ఆండ్రాయిడ్ స్టూడియో, ఆండ్రాయిడ్ బిల్డ్ చేసే గ్రేడిల్ మూడూ కలిస్తే ఊపిరాడదు. ఎమ్యులేటర్ మానేసి యూఎస్‌బీ డీబగ్గింగ్‌తో పాత ఫోన్ తగిలించండి. గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైల్లో హీప్ (గ్రేడిల్ వాడుకునే మెమరీ) 2 జీబీకి తగ్గించండి.

తెలుగు అక్షరాల దగ్గర అసలు పని పడుతుంది. ఇంగ్లిష్ చూసి గీసిన డిజైన్‌లో లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.0 పెడతారు. "వర్ధన్నపేట" రాయగానే ధ ఒత్తు, న ఒత్తు కింది వరుసలోని గుడుల మీద పడతాయి. 1.5 పెడితే తేటగా ఉంటుంది. బటన్‌కు ఎత్తు కట్టేయకుండా ప్యాడింగ్ (మాట చుట్టూ ఖాళీ) ఇవ్వండి. తెలుగు మాట రెండో వరుసకు దిగుతుంది, ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకున్న పెద్దమనిషికి మూడో వరుసకు కూడా. పేరులో మొదటి అక్షరాన్ని సబ్‌స్ట్రింగ్‌తో కోయొద్దు: ఫ్లట్టర్ కోడ్ రాసే డార్ట్ భాష లెక్కలో "శ్రీ" పొడవు 4, కోస్తే మిగిలేది ఉత్త "శ".

టీమ్‌లో తప్పనిసరి చేయాల్సింది ఎఫ్‌వీఎమ్, అంటే ఫ్లట్టర్ వెర్షన్‌ను ప్రాజెక్టుకు కట్టేసే సాధనం. ఫ్లట్టర్ వెర్షన్ అందరికీ ఒకటే ఉండాలి, వాడే ప్యాకేజీల వెర్షన్లు రాసుండే పబ్‌స్పెక్ లాక్ ఫైల్ గిట్‌లో (టీమ్ కోడ్ దాచే చోటు) ఉండాలి. లేకుంటే ఒకరి దగ్గర నడిచిన బిల్డ్ ఇంకొకరి దగ్గర విరుగుతుంది. అప్‌గ్రేడ్ వేరే బ్రాంచ్‌లో చేయాలి, రిలీజ్ వారంలో అస్సలు వద్దు. యాప్‌కు సంతకం పెట్టే తాళం ఉండే కీస్టోర్ ఫైల్ గిట్‌లో పెట్టొద్దు, రెండు చోట్ల దాచండి.

2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత గూగుల్ ప్లే డెవలపర్ ఖాతా అయితే, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు క్లోజ్డ్ టెస్ట్‌లో 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు చేరి ఉండాలి. 15 మందిని చేర్చుకోండి, మధ్యలో ఒకరిద్దరు జారుకుంటారు.