సెవెరన్ రాణుల దేనారియస్‌లు: చాలాకాలం సేకరించాక సమీక్ష

రోమన్ నాణేలనగానే అందరూ చక్రవర్తుల వెంట పడతారు. అదే డబ్బుకు వాళ్లింటి ఆడవాళ్ల దేనారియస్‌లు (రోమన్ల మామూలు వెండి నాణేలు), ముఖ్యంగా రోమ్‌ను ఏలిన సెవెరన్ వంశానివి (193–235), ఇంకా మంచి స్థితిలో దొరుకుతాయి. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి భార్య జూలియా డోమ్నా, ఆమె అక్క మైసా, మైసా కూతుళ్లు సొయీమియాస్, మమైయా: ఈ నలుగురితో మొదలుపెట్టొచ్చు. డోమ్నా కొడుకు కరాకల్లా భార్య ప్లౌతిల్లాది కాస్త ఖరీదు. మమైయా కోడలు, 225–227 మధ్యే రాణిగా ఉన్న ఓర్బియానాది బాగా ఖరీదు. సొయీమియాస్ కోడలు ఆనియా ఫౌస్టీనాది మరీ అరుదు, ఆశ వదులుకోండి. సెట్ పూర్తి చేయాలన్న పంతంతో అరిగిపోయిన ముఖాలు కొనడం దండగ.

డోమ్నా నాణెం కాలం బొమ్మ వైపు అక్షరాలే చెబుతాయి. పేరులో ‘డోమ్నా’ ఉంటే 193–196, ఉత్త ‘జూలియా ఆగస్టా’ అయితే 196–211, ‘పియా ఫెలిక్స్’ చేరితే 211–217. భుజాల కింద నెలవంక కనిపిస్తే అది దేనారియస్ కాదు, 215లో మొదలైన ఆంటొనినియానస్ అనే పెద్ద వెండి నాణెం. అరిగిన వాటిలో మైసా, మమైయా పేర్లను అమ్మేవాళ్లే తారుమారు చేస్తుంటారు. అప్పుడు బొరుసు చూడాలి: నెమలితో జూనో దేవత, చుట్టూ ‘కన్సర్వాత్రిక్స్’ (రక్షకురాలు) అని ఉంటే దాదాపు ఎప్పుడూ మమైయాదే.

బరువు సాధారణంగా 3 గ్రాముల చుట్టూ ఉంటుంది. 2.5కు తగ్గితే రాగి మీద వెండి పూతేమోనని అనుమానించండి. ముక్కు, కొప్పు, అంచు పగుళ్ల దగ్గర 10 రెట్ల భూతద్దంతో చూస్తే లోపలి రాగి బయటపడుతుంది. నాణేన్ని నీళ్లలో తూచి సాంద్రత కనుక్కునే పరీక్షకు 0.01 గ్రాము త్రాసు చాలదు. సెవెరస్ కాలపు వెండిలో దాదాపు సగం రాగే. అందుకే 3.2 గ్రాముల నాణేనికి అసలుకూ పూతకూ నీళ్లలో బరువు తేడా 0.03 గ్రాములు మించదు; 0.001 త్రాసు కావాలి. పోత నకిలీలకు అంచున అతుకు గీత, గుంటల్లో బుడిపెలు ఉంటాయి. వేరువేరు చోట్ల అమ్ముతున్న రెండు నాణేలకు ఒకేచోట పగులు, ఒకేలా పక్కకు జరిగిన అచ్చు కనిపిస్తే అవి ఒకే మూసలోంచి వచ్చిన నకిలీలు కావచ్చు, రెండూ వదిలేయండి.

నాణేలు దాచే మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ ఫ్లిప్పులు (చిన్న సంచులు) నాణేనికి పచ్చటి జిగురు పట్టిస్తాయి. దాన్ని స్వచ్ఛమైన అసిటోన్ తీసేస్తుంది, గోళ్ల రంగు తీసే ద్రవం వద్దు. పీవీసీ లేని మైలార్ ప్లాస్టిక్ ఫ్లిప్పులే వాడండి. కొన్ని దేనారియస్‌లు లోలోపల స్ఫటికంలా పెళుసెక్కి ఉంటాయి, నేల మీద పడితే రెండు ముక్కలే. చూడాలంటే మెత్తటి గుడ్డ పరిచి దాని మీదే పట్టుకోండి.

చవగ్గా మొదలుపెట్టాలంటే సెవెరన్లకు ముందు కాలపు రాణి పెద్ద ఫౌస్టీనా నాణేలు తీసుకోండి. ఆమె చనిపోయాక భర్త ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి కొట్టించినవి కుప్పలుగా ఉన్నాయి. (ఆమె బంగారు నాణెం మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ దొరికింది.)

ఇండియాలో ఉండి విదేశీ వ్యాపారి దగ్గర కొనేవాళ్లు ‘నచ్చకపోతే తిప్పి పంపండి’ అన్న హామీని లెక్కలోకి తీసుకోవద్దు. నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడాన్ని 1972 పురావస్తువుల చట్టం ప్రైవేటు వ్యక్తులకు నిషేధించింది. బరువు, అంచు ఫొటోలు, పాత వేలం రికార్డు డబ్బు కట్టకముందే అడిగి తీసుకోండి.