ఒక్క 'ఎస్' తేడా: థింక్‌ప్యాడ్ టీ480, టీ480ఎస్ పక్కపక్కన పెట్టి చూశాక

నాది తెలుగు టైపింగ్, ప్రూఫ్ రీడింగ్ పని. హనుమకొండలో ఇంట్లోనే కూర్చుని రోజుకు ఆరేడు గంటలు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్‌లో కొడతాను. అందులో పొల్లు 'డి' కీ మీద ఉంటుంది. పొల్లు లేనిదే వత్తు పడదు. 'అమ్మ' అని కొట్టాలంటే షిఫ్ట్ పట్టుకుని డి, తర్వాత సి, మళ్లీ డి, మళ్లీ సి. నాలుగు నొక్కుల్లో రెండుసార్లు ఆ కీ మీదే దెబ్బ. నా పాత ల్యాప్‌టాప్‌లో మొదట పోయింది అదే. కీబోర్డు ఒక్కటే రాదు, పైభాగమంతా మార్చాలన్నారు. చెప్పిన ఖర్చు వినగానే మానుకున్నాను. ఈసారి కొనేది పాతదైనా సరే, చెయ్యి నొప్పి పెట్టని కీబోర్డు ఉండాలి, ఏది పాడైతే అది మార్చుకునేలా ఉండాలి అని గట్టిగా అనుకున్నాను. చేతిలో 22 వేలు.

ఒక ఆదివారం కాదని పనిరోజే చూసుకుని, పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి తమ్ముడితో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)కి వెళ్లాను. మూడో షాపులో లెనోవో థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లు టీ480, టీ480ఎస్ రెండూ దొరికాయి. రెండూ 2018లో వచ్చిన మోడళ్లే. రెండింటిలోనూ ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, పద్నాలుగు అంగుళాల తెర, కీబోర్డు మధ్యలో మౌస్ బదులు వాడే అదే ఎర్ర చుక్క. టీ480 ధర 19,500, 'ఎస్' ఉన్నది 21,000. "టీ470 తీసుకోండి మేడం, మూడు వేలు తగ్గుతుంది" అన్నాడు షాపాయన. వద్దన్నాను. దాని ప్రాసెసర్ ఇంకా పాత తరానిది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ముగిసింది. ఇంటెల్‌లో విండోస్ 11 అధికారికంగా తీసుకునేది దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. ఆ మూడు వేలకు ఆశపడితే తర్వాత నేనే ఇబ్బంది పడాలి.

కీబోర్డు దగ్గర రెండింటికీ నాకు తేడా తెలియలేదు. రెండింటి మీదా ఒక పేజీ కొట్టి చూశాను, వేలు దిగే లోతు బాగుంది. తేడా మొదట కనిపించింది తెర దగ్గర. ఆయన ముందు చూపించిన టీ480కి 1366×768 తెర. నా పీడీఎఫ్ తెరిచి మామూలు సైజులో పెట్టాను. 'ద'కీ 'ధ'కీ మధ్య ఉండే చిన్న గీత కనిపించడం లేదు. కొంచెం పక్కకు జరిగితే రంగు వెలిసిపోతోంది. ప్రూఫ్ చూసేవాళ్లకు ఇది పనికిరాదు. "అన్నా, ఇదే మోడల్‌లో ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ ఉందా?" అని, అంటే గీతలు స్పష్టంగా ఉండి పక్క నుంచి చూసినా రంగు వెలవని తెర ఉందా అని అడిగితే లోపల వెతికి మరొకటి తెచ్చాడు. అందులో 'ధ' కింద గీత చక్కగా తెలిసింది. టీ480 కొనేవాళ్లు ఈ ఒక్కటీ మర్చిపోవద్దు. మూత మీద పేరు ఒకటే, లోపల తెరలు వేరువేరు.

చేతిలోకి తీసుకుంటే మాత్రం టీ480ఎస్ మీద మనసు పోతుంది. కంపెనీ లెక్క 1.32 కిలోలు, టీ480 1.58 నుంచి మొదలు. తమ్ముడు అదే తీసుకోమన్నాడు. ఎస్‌ఎస్‌డీ వేగం కూడా అందులోనే ఎక్కువ. నేను కొట్టే ఫైళ్లకు ఆ తేడా తెలియదు.

బ్యాటరీ దగ్గర నేను ఆగిపోయాను. రెండింటిలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ తీయించాను. బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతుందో విండోస్ చూపే లెక్క అది. టీ480ఎస్‌లో ఉన్నది ఒకటే బ్యాటరీ, కొత్తలో 57 వాట్ అవర్లు, ఇప్పుడు నిండేది 36. టీ480లో రెండు, లోపల 24, వెనక 24. ఇప్పుడు లోపలిది 17, వెనకది 19. కూడితే అదీ 36. పాతబడిన వస్తువులు, ఆ తరుగుదల మామూలే. అప్పుడు షాపాయన చార్జర్ తీసేసి, నా పీడీఎఫ్ తెరిచి ఉండగానే టీ480ని తిప్పి, కింద రెండు గొళ్లేలు జరిపి వెనక బ్యాటరీ ఊడదీశాడు. తెర ఆరలేదు. కర్సర్ అలాగే మిణుకుమంటోంది. లోపలి బ్యాటరీ మీద నడుస్తోంది. మళ్లీ పెట్టాడు, టక్‌మంది. టీ480ఎస్‌ది కూడా మార్చవచ్చు, కానీ కింది మూత విప్పాలి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే టెన్షన్ పడే నాకు ఇంకేం చెప్పాలి.

ర్యామ్ కూడా అంతే. టీ480లో రెండు స్లాట్లు, రెండూ మన చేతిలో ఉన్నవే. టీ480ఎస్‌లో కొంత ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, స్లాట్ ఒక్కటే. బోర్డు మీదది పోతే బోర్డే రిపేరుకు పోవాలి. సన్నగా చేయడానికి తీసేసినవన్నీ నాకు కావాల్సినవే అనిపించి టీ480 తీసుకున్నాను. బేరం చేస్తే 19 వేలకు ఇచ్చాడు.

డబ్బులిచ్చే ముందు ఇంకో రెండు చూశాను, మీరూ చూడండి. ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లాలి. ఆఫీసుల నుంచి వచ్చిన మెషీన్లలో ఒక్కోసారి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మిగిలిపోతుంది, అది అడిగితే ఆ పీస్ వదిలేయండి. రెండోది, టైప్‌సీ పోర్టులు రెండింటిలోనూ చార్జర్ పెట్టి చూడాలి. ఈ రెండు మోడళ్లకూ టైప్‌సీ పోర్టు పనిచేయడం మానేసే థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ సమస్య ఉండేది, దానికి లెనోవో అప్‌డేట్ ఇచ్చింది. ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని ఆ అప్‌డేటే.

ఐదు నెలలైంది. వెనక బ్యాటరీ తీసేసి 72 వాట్ అవర్లది కొన్నాను. అది కిందికి ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్ వెనక కాస్త లేచి, కీబోర్డు నా వైపు వాలుతుంది. మణికట్టుకు అదే హాయిగా ఉంది. బరువు మాత్రం బాగా పెరిగింది. రోజూ భుజాన వేసుకుని బస్సెక్కేవాళ్లయితే టీ480ఎస్ తీసుకోండి, బ్యాటరీ రిపోర్ట్ చూసి మరీ తీసుకోండి. నాది బల్ల మీద నుంచి కదలదు. మొన్న సాయంత్రం గంటన్నర కరెంటు లేదు, పుస్తకంలో పదహారు పేజీల ఫారం (ఒక్కసారిగా అచ్చుకు వెళ్లే పేజీల కట్ట) పూర్తిచేసి పంపించేశాను.