పావు చార్జీ వేళ చదివిన 'వెన్నెల్లో ఆడపిల్ల'

యండమూరి వీరేంద్రనాథ్ నవల 'వెన్నెల్లో ఆడపిల్ల'ని ఇప్పటికి ఐదారుసార్లు చదివి ఉంటాను. మొదటిసారి మాత్రం పూర్తి చేయలేదు. చేయనివ్వలేదు అనాలి. ఆ కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది.

కథ చాలామందికి తెలిసిందే. రేవంత్ అని ఒక చదరంగం ఆటగాడు. ముఖం చూపించకుండా ఫోన్లోనే మాట్లాడే ఒక అమ్మాయి. నా నంబరు కనుక్కో చూద్దాం అని సవాలు. ఇంతకు మించి చెప్పను. చెబితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

90ల్లో నేను అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మా మామ ఎస్.టి.డి. బూత్‌లో కూర్చునేవాణ్ణి. రాత్రి పదకొండు దాటితే వేరే ఊళ్లకి చేసే కాల్స్‌కి పావు చార్జీయే కాబట్టి పదిన్నర నుంచే జనం వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్లు. పన్నెండున్నరకి అందరూ వెళ్లిపోయాక నేనూ, పుస్తకమూ, అద్దాల గదిలో లైటు చుట్టూ పురుగులూ. పుస్తకం అద్దెకు తెచ్చిందే, రోజుకు రూపాయి. అప్పటికే ఆయనదే 'తులసిదళం' చదివి రెండు రాత్రులు బూత్‌లో ఒంటరిగా కూర్చోలేకపోయిన వాణ్ణి. దీంట్లో చేతబడి లేదు, పైగా ప్రేమకథ అన్నారని ధైర్యంగా తెచ్చుకున్నాను.

ఫోన్ కథ ఫోన్ల మధ్య కూర్చుని చదవడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం. అద్దం తలుపు వేసుకుని మాట్లాడేవాళ్లని రోజంతా చూస్తూ ఉండేవాణ్ణి. అవతలివాళ్లకి కనపడదని తెలిసినా తల ఊపుతారు, చేతులు తిప్పుతారు. చూపు మాత్రం బిల్లు చూపించే ఎర్రంకెల మీటర్ మీదే ఉంటుంది. మాట వినపడకపోయినా అవతల ఉన్నది పెళ్లామా, అప్పులవాడా అన్నది భుజాలు చూసి చెప్పేయగలిగేవాణ్ణి. ఈ నవలలో రేవంత్‌కి ఆ ఆధారం కూడా లేదు. ఉన్నది గొంతొక్కటే. ఎవరై ఉంటుందా అని అతనెంత కొట్టుకున్నాడో నేనూ అంతే కొట్టుకున్నాను. బూత్‌కి లోకల్ కాల్ చేయడానికి వచ్చే ప్రతి ఆడపిల్లనీ ఒకటికి రెండుసార్లు చూశాను, అబద్ధం ఎందుకు.

1996 ఎండాకాలం. ఇంకో నలభై పేజీలు ఉన్నాయి. బూత్ ఫోన్ మోగింది. బళ్లారి నుంచి అక్క. వాళ్లింట్లో ఫోన్ ఉంది, తనూ పావు చార్జీ కోసమే మేలుకుని ఉంది.

"ఏం సేస్తాండావురా?"

"పుస్తకం చదువుతున్నా."

"ఏం పుస్తకం?"

చెప్పాను.

"ఓ, అదా! కన్నడంలో సినిమా వచ్చింది కదరా, 'బెళదింగళ బాలె'. అనంత్‌నాగ్‌ది. మీ బావ తోడుకోని పోయినాడు. పాపం లేరా, ఆయప్పకి కడాకు..."

"అక్కా, వద్దు" అనేలోపే చెప్పేసింది. ఒక్క ముక్కలో. ఆ వెంటనే, "అమ్మకి జొరం తగ్గిందా?" అని అడిగింది.

అమ్మ సంగతి ఏం చెప్పానో గుర్తులేదు. ఫోన్ పెట్టేసి పుస్తకం మూసేశాను. మర్నాడు పొద్దున్నే అద్దె షాపులో ఇచ్చేశాను. నలభై పేజీలు చదవనే లేదు. అక్కతో నెలరోజులు సరిగా మాట్లాడలేదు. తనకి కారణం కూడా తెలియదు, బూత్‌లో పని ఎక్కువై చిరాకులో ఉన్నాడనుకుంది.

మూడేళ్ల తర్వాత బస్టాండు పుస్తకాల షాపులో కనపడితే సొంతానికి కొన్నాను. ఆ నలభై పేజీలు చదివి పడేద్దామనే కొన్నాను. ఎందుకో మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. అక్కడే ఆశ్చర్యపోయాను. సస్పెన్స్ పోయిన నవలలో ఇంకేం ఉంటుందిలే అనుకున్నవాణ్ణి, ఆమె ఫోన్ చేసిన ప్రతిసారీ చదవడం ఆపి కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. మొదటిసారి ఏడిపించడానికి అన్నట్టు వినపడిన మాటలు ఈసారి అలా వినపడలేదు. రేవంత్‌కి తెలియనిది నాకు తెలుసు. అతను గెలిచాననుకుని సంబరపడుతుంటే వద్దురా నాయనా అని చెప్పాలనిపించింది. మొదటిసారి అతనితో కలిసి వెతికాను. రెండోసారి అతన్ని చూస్తూ భయపడ్డాను. ముగింపు ముందే తెలిసినా ఇలా పట్టి ఉంచే పుస్తకాలు నేను చదివినంతలో తక్కువ.

ఒకప్పుడు ఎవరు అడిగినా, తెలుగులో ఇంతకు మించిన ప్రేమ సస్పెన్స్ లేదనేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. నంబరు కోసం చేసే ఆ లెక్కలున్నాయే, మొదటిసారి బిల్లు కాగితం వెనక పెన్నుతో నేనూ వేసి చూశాను. ఇప్పుడు ఆ పేజీలు వేళ్లతో తిప్పేస్తాను. రాసినాయన చార్టర్డ్ అకౌంటెన్సీ చదివిన మనిషి, లెక్కంటే ఆయనకి ముద్దుగానే ఉంటుంది, మనకి ప్రతిసారీ ఉండదు. ఇంకోటి, ఈ నవలలో మీటర్ భయం నాకెక్కడా కనపడలేదు. మా బూత్‌లో అంకె ఇరవై దాటితే ఎంతటి ప్రేమికుడి గొంతైనా తగ్గిపోయేది.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవుల్లో ఇస్తే సగం చదివింది. ట్రూకాలర్ ఉంటే రెండు పేజీల్లో అయిపోయేదని అంటుందని ముందే ఊహించాను, అన్నది కూడా. తర్వాత అన్నదే నేను ఊహించలేదు. "నాన్నా, ఆమెకి ఇతని నంబరు తెలుసు, ఇతనికి ఆమెది తెలియదు. రోజూ ఫోన్ చేస్తూనే ఉంది. ఇదే పని ఒక అబ్బాయి అమ్మాయికి చేసి ఉంటే ఇంత బాగుందంటావా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అయినా నాకు నవలలోని ఆ అమ్మాయి మీద కోపం రాదు. అది నవల గొప్పతనమో, నేను దాన్ని చదివిన వయసో విడదీయలేను.

కాబట్టి కొనమని చెప్పాలా వద్దా అంటే, నా మాట కొంచెం తగ్గించి తీసుకోండి. అవతల ఎవరో తెలియకుండా ఫోన్ ఎత్తిన రోజులు గుర్తున్నవాళ్లయితే తప్పకుండా చదవండి. మిగతావాళ్లకి ఎలా ఉంటుందో నేను చెప్పలేను. నేను పావు చార్జీ వేళల్లో చదివినవాణ్ణి. ఆ బూత్ ఇప్పుడు జిరాక్స్ షాపు.

మొన్న ఉగాదికి అక్క వచ్చింది. ఇరవయ్యేళ్లు దాటాక మొదటిసారి ఆ రాత్రి సంగతి చెప్పాను. పడీపడీ నవ్వింది. నా కాపీ తీసి చేతికిచ్చి, నువ్వు చదవనే లేదు కదా, తీసుకుపో అన్నాను.

"కడాకు ఏమైతాదో తెలిసిన పుస్తకం ఏం సదువుతాములేరా" అంది.

బళ్లారి బస్సు ఎక్కేటప్పుడు చూడకుండా సంచిలో పెట్టేశాను.