కిల్‌పెక్ రాళ్లా, బ్లైబరో చెక్కలా: ఏది మేలు?

ఇంగ్లండు పల్లెల్లోని పాత పారిష్ చర్చిని, అంటే ఒక ఊరివారు తరతరాలుగా బాప్తిస్మానికీ పెళ్లికీ సమాధికీ ఆశ్రయించిన చర్చిని, కట్టడమూ సామగ్రీ కలిపి తీరిగ్గా చూడాలనుకునేవారు రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే, ఎంపిక హెరెఫర్డ్‌షైర్‌లోని కిల్‌పెక్‌కూ సఫోక్‌లోని బ్లైబరోకూ మధ్య జరగడం న్యాయం. దేశానికి ఒకటి పడమటి అంచున, వేల్స్ సరిహద్దు దగ్గర ఉంది. రెండోది తూర్పు తీరాన, బ్లైత్ నది బురద మేటల ఒడ్డున ఉంది.

కిల్‌పెక్ చర్చిని 1140 ప్రాంతంలో, నార్మన్ల ఏలుబడిలో ఎర్ర ఇసుకరాతితో కట్టారు. జనం కూర్చునే భాగం, దాని వెనుక కాస్త ఇరుకైన గది, చివర బలిపీఠం ఉండే అర్ధవలయపు గది: నేల పథకం ఇంతే, నేటికీ అదే. ఇంత చిన్న కట్టడం పేరు దూరదేశాలకు పాకింది శిల్పాల వల్లనే. రామప్ప గుడి చూరు కింది మదనికలను చూసిన కన్ను ఇక్కడ కూడా ముందు చూరువైపే పోతుంది. అక్కడ 80కి పైగా రాతి దిమ్మెలు కట్టడం చుట్టూ వరుసగా తలలు బయటికి పెట్టి ఉంటాయి. వాటిలో ఒక వేటకుక్కా ఒక కుందేలూ పక్కపక్కనే, పాత స్నేహితుల్లా, గుండ్రని కళ్లతో మన వంక చూస్తుంటాయి. ఆ కుక్క వాలిన చెవులు చూస్తే దానికి వేట అనే ఆలోచనే ఉన్నట్టు అనిపించదు. కాళ్లు ఎడంగా పెట్టిన నగ్న స్త్రీమూర్తి కూడా అదే వరుసలో ఉంది, దాని అర్థమేమిటన్న వాదన పండితుల్లో ఇంకా తెగలేదు. దక్షిణ ద్వారం మీది అర్ధచంద్రాకారపు పలకపై తీగ అల్లుకున్న చెట్టు, పక్క స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న యోధులు, పైన తోరణంలో వింత జంతువులు; దాదాపు తొమ్మిది శతాబ్దాల వానకు తడిసిన రాయి ఇంత పదునుగా ఎలా మిగిలిందా అనిపిస్తుంది. లోపలికి వెళ్తే బలిపీఠం వైపు తోరణానికి ఇరువైపులా ముగ్గురేసి పరిశుద్ధులు ఒకరి మీద ఒకరుగా నిలబడి ఉంటారు. ఆ తరువాత చూడవలసింది తక్కువే. 1840లలో ఈ చర్చికి పెద్ద ఎత్తున మరమ్మతు జరిగింది కూడా.

బ్లైబరోలో వరస పూర్తిగా తలకిందులు. బయట చెకుముకి రాతి గోడలు, పొడవాటి కిటికీలు దర్జాగా కనిపిస్తాయి గాని, అసలు విషయం లోపలే ఉంది. ఈ ఊరు ఒకప్పుడు నదీముఖపు రేవు. ఆ వ్యాపారపు డబ్బుతో 15వ శతాబ్దంలో ఊరికి మించిన చర్చి లేచింది. తరువాత ఓడలు పెద్దవయ్యాయి, నది పూడింది, ఊరు చిక్కిపోయింది. చర్చి మాత్రం అదే సైజులో ఉండిపోయింది. కొత్త సామాను కొనే స్తోమతు లేకపోవడమే పాత సామానును కాపాడిందని నా అభిప్రాయం.

బెంచీల చివర చెక్కిన బొమ్మల దగ్గర వంగి చూడాలి. సోమరితనం మంచంలో లేచి కూర్చుంది, లోభి డబ్బు పెట్టె మీద కూర్చున్నాడు, తిండిపోతు పొట్ట పట్టుకున్నాడు. ఊరివాడు ఆదివారం కూర్చునే చోటే, చెయ్యి ఆనే ఎత్తులోనే, ఈ పాపాలన్నీ చెక్కి పెట్టిన వడ్రంగి గడుసుతనం కిల్‌పెక్ శిల్పికి ఏమీ తీసిపోదు. తల ఎత్తితే పైకప్పు దూలాల మీద రెక్కలు చాచిన చెక్క దేవదూతలు; వాటి వెనుక తెల్లని పూత మీద ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసి ఇంకా నిలిచి ఉన్నాయి. విగ్రహాలను తొలగించే పని మీద 1644లో వచ్చిన విలియం డౌసింగ్ వీటిలో ఇరవైని దించమన్నాడు. వాటికి తగిలిన సీసపు గుళ్లు కూడా అతని మనుషులవేనని చాలాకాలం చెప్పుకున్నారు. అవి 18వ శతాబ్దంలో చర్చిలో చేరిన కాకుల మీద పేల్చినవని తరువాత తేలింది. ఉత్తరపు తలుపు మీది కాలిన మచ్చలది మరో కథ. 1577 ఆగస్టు 4న పెనుతుఫానులో గోపుర శిఖరం కూలి ఒక మనిషీ ఒక బాలుడూ చనిపోయారు, ఆ మచ్చలు దయ్యపు కుక్క గోళ్లవని జనం నమ్మారు. 1682 నాటి చెక్క మనిషి ఒకడు గంట కొట్టే పని మీద ఇంకా ఉన్నాడు.

మరమ్మతు విషయంలోనూ రెండింటినీ పోల్చాలి. 19వ శతాబ్దంలో బ్లైబరో ఎంత పాడయిందంటే, వాన పడితే జనం లోపల గొడుగులు వేసుకుని కూర్చునేవారు. 1881లో ప్రమాదమని మూసేశారు. అప్పటి ఫ్యాషన్ ప్రకారం పాతదంతా గీకి కొత్తగా మెరిపించే అవకాశం వచ్చినా, విలియం మోరిస్ 1877లో నెలకొల్పిన పురాతన కట్టడాల పరిరక్షణ సంఘం అభ్యంతరాలు గట్టిగా చెప్పింది. చర్చి 1884లో తిరిగి తెరుచుకుంది. దూలాల మీది ఆ వెలిసిన రంగులు ఈనాడు కనిపిస్తున్నాయంటే ఆ సంయమనం దానికి ఒక కారణం.

కాబట్టి పారిష్ చర్చిని పారిష్ చర్చిగా, అంటే ఒక ఊరు వాడుకుని అరగదీసిన స్థలంగా చూడాలంటే నా ఓటు బ్లైబరోకే. శిల్పమే ముఖ్యమనుకునేవారు, లేదా సమయం గంటకు మించి లేనివారు కిల్‌పెక్‌కు వెళ్లాలి. అక్కడ చిన్న కట్టడం చుట్టూ ఒకసారి తిరిగితే సగం చూసినట్టే, చూరు ఎత్తు తక్కువ కాబట్టి పిల్లలకు కూడా కుక్కా కుందేలూ తేలిగ్గా కనిపిస్తాయి. బ్లైబరోకు బైనాక్యులర్ తప్పనిసరి. రంగుటద్దాలు చాలావరకు పోయి సాదా గాజే మిగలడంతో పగటి వెలుతురు ధారాళంగా పడుతుంది గాని, దేవదూతలు చాలా ఎత్తులో ఉన్నారు. ఉట్టి కళ్లతో ముఖాలు పోల్చుకోవడం కష్టం.