వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్: చెన్నై ఎండలో మూడేళ్లు

మూడేళ్ల క్రితం మా పిన్ని కూతురి పెళ్లిలో, కల్యాణ మండపం బయట పిల్లలు కోలాటం వేస్తుంటే వీడియో తీశాను. వెనకాల మసకగా రావాలని అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం) బాగా తెరిచి ఎఫ్/2.8 పెట్టాను. ఆ ఎండకి షట్టర్ స్పీడ్, అంటే ఒక్కో ఫ్రేముకి షట్టర్ తెరిచి ఉండే సమయం, 1/3200 సెకను దాకా పోయింది. ఫొటోకైతే అది బంగారమే. వీడియోలో మాత్రం కర్రలు ఒకచోట మాయమై ఇంకోచోట తేలాయి. టీవీలో చూసి మా బాబాయి, "ఏంట్రా, పిల్లలు కీలుబొమ్మల్లా గెంతుతున్నారు?" అన్నాడు. లెన్స్ ముందు బిగించి, లోపలికి వచ్చే వెలుతురుని కావాల్సినంత తగ్గించుకునే ఈ ఫిల్టర్ కొన్నది ఆ మాట పడ్డాకే.

సెకనుకి 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ 1/50 సెకను తెరిచి ఉంటే, కదిలే కర్ర ప్రతి ఫ్రేములో కాస్త చెదురుతుంది. ఆ చెదురే, అంటే బ్లరే, ఒక ఫ్రేముని ఇంకోదానికి అతికిస్తుంది. సినిమావాళ్లు 180 డిగ్రీల షట్టర్ అనేది దీన్నే. పాత ఫిల్మ్ కెమెరాల్లో తిరిగే షట్టర్ పళ్లెం సగం తెరిపిగా ఉండేది, పేరు అక్కడి నుంచి వచ్చింది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 దగ్గర ట్యూబ్‌లైట్ల చారలు కూడా పడవు, అదొక లాభం.

మరి మిట్టమధ్యాహ్నం? ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే తీరు) 100లో, ఎఫ్/2.8తో 1/50కి దిగాలంటే 6 స్టాపులు తగ్గాలి. ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది, అంటే 64వ వంతుకి రావాలి. ఫిల్టర్ రింగు తిప్పితే ఆ పని అయిపోతుంది. అందులో ఉన్నవి రెండు పోలరైజర్ అద్దాలే, అంటే ఒక దిశలో కంపించే వెలుతురునే లోపలికి వదిలేవి. ఒకదాని మీద ఒకటి తిప్పేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. కోలాటం, కారు ఊరేగింపు, మెరీనాలో అలలు, అన్నీ మెత్తగా వస్తున్నాయి.

చిక్కులన్నీ ఆ పోలరైజర్లతోనే. వెలుతురు సరిచేద్దామని తిప్పితే పట్టుచీర నిగనిగ కూడా మారిపోతుంది. మైలాపూర్ కపాలీశ్వరర్ గుడి కోనేట్లో గోపురం ప్రతిబింబం ఒక షాట్‌లో ఉంది, తర్వాతి షాట్‌లో లేదు! వైడ్ లెన్స్‌తో చివరిదాకా తిప్పితే ఆకాశంలో కత్తెర గుర్తులా నల్లమచ్చ పడుతుంది. మండపం లోపలికి వెళ్తే తీసేయాల్సిందే, ఎంత తగ్గించినా రెండు స్టాపులు తింటుంది. తీయడం కూడా తేలిక కాదండోయ్. సముద్రపు గాలికి రింగు లెన్స్‌కి బిగుసుకుపోయింది. చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి తిప్పితే ఊడింది.

"బ్లర్ కంప్యూటర్లో వేసుకోవచ్చుగా" అంటారు. ఆ కోలాటం వీడియో మీదే ప్లగిన్‌తో ప్రయత్నించాను. కర్రలు ఒకదాన్నొకటి దాటే చోట ఏ చుక్క ఎటు పోయిందో దానికి అంతు చిక్కక వేళ్లన్నీ జావ చేసింది. అదే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పేర్ల యానిమేషన్‌కైతే షట్టర్ 0.5 (సగం ఫ్రేము) పెడితే చక్కగా వస్తుంది. అక్కడ ఏ వస్తువు ఎటు కదులుతుందో దానికి ముందే తెలుసు మరి.

ఇప్పుడు నా ఫిల్టర్ రింగులో ఇసుక కరకరలాడుతోంది. ఈసారి 8 స్టాపుల దాకా తిరిగేది కొనను. 2 నుంచి 5 దాకా తిరిగి, చివర గట్టిగా ఆగేది చాలు. మిట్టమధ్యాహ్నం మిగిలిన ఆ ఒక్క స్టాపు కోసం అపర్చర్ ఎఫ్/4కి మూస్తాను.