డ్రైవర్ లేని రేస్ కార్ కిట్, మా డాబా మీద ట్రయల్
తమ్ముని ప్రాజెక్ట్ కోసం నల్గొండల ఒక షాపుల తీస్కున్నం, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ముందట ఒక కెమెరా, అంతే. మొదలు మనమే రిమోట్‌తోని 10-20 రౌండ్లు నడపాలె, కెమెరా తీసిన ఫొటోలు, మనం తిప్పిన స్టీరింగ్ రెండు కలిపి చూసి అది నేర్చుకుంటది, గీ ముచ్చట మాత్రం మస్తు నచ్చింది. డాబా మీద సుద్దముక్కతోని ట్రాక్ గీసినం, పొద్దున మంచిగనే ఉరికింది, సాయంత్రం పిట్టగోడ నీడ పడేసరికి నీడనే గీత అనుకొని సీదా పోయి పూలకుండీకి గుద్దింది. 2021ల అమెరికాల ఇండియానాపోలిస్‌ల డ్రైవర్ లేని కార్ల రేసు గెలిచిన జర్మనీ మ్యూనిక్ యూనివర్సిటీ పోరగాళ్ల కారుకు లైడార్ (లేజర్‌తోని దూరం కొలిచేది), రాడార్, జీపీఎస్ అన్నీ ఉన్నయ్, పాపం దీనికి ఒక్కటే కన్ను. నేర్చుకునెటోళ్లు తీస్కోవచ్చు గని బ్యాటరీ దండగ, గంట వస్తదన్నరు, 20 నిమిషాలకే పండుకుంది, అడిగితే షాపాయన "గట్లనే ఉంటది తమ్మీ" అన్నడు.